మాడి గట్టిపడిన ఓవెన్‌కు ఏది మేలు: వంట సోడా, కాస్టిక్ క్లీనర్, స్వీయ శుభ్రత?

ఓవెన్ గోడలకు నల్లగా అతుక్కున్న పెంకును మనం జిడ్డు అనే పిలుస్తున్నా, నిజానికి అది జిడ్డు దశను ఎప్పుడో దాటిపోయిన పదార్థం. నూనె, కొవ్వు తుంపరలు గోడపై పడి పదే పదే వేడెక్కినప్పుడు వాటి అణువులు ఒకదానితో ఒకటి గొలుసుల్లా ముడిపడి, వార్నిష్ వంటి గట్టి పొరగా మారతాయి. గిన్నెలు తోమే సబ్బు నీరు మెత్తటి జిడ్డును పట్టి లాగగలదు గానీ ఈ పొర మీద జారిపోతుంది. దీనిని విడదీయాలంటే క్షారమైనా కావాలి, బూడిద చేసేంత వేడి అయినా కావాలి. వంట సోడా, కాస్టిక్ క్లీనర్ మొదటి దారికి చెందినవి. కొన్ని ఓవెన్లలో ఉండే స్వీయ శుభ్రత రెండవ దారికి చెందినది.

వీటితో నిమ్మరసాన్ని, వెనిగర్‌ను కూడా పోల్చేవారున్నారు కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను. అవి ఆమ్లాలు, మాడిన కొవ్వు మీద వాటి ప్రభావం చాలా తక్కువ. సోడా ముద్ద మీద వెనిగర్ పోస్తే వచ్చే నురగ చూసి నేనూ ఒకసారి ఎంతో ఆశపడ్డాను. కాసేపటికి నురగ అణగిపోయింది, కింద నలుపు చెక్కుచెదరలేదు. ఆ బుడగలు కేవలం కార్బన్ డయాక్సైడ్. క్షారమూ ఆమ్లమూ ఒకదాని శక్తిని మరొకటి హరించుకోగా మిగిలేది కాస్త లవణం కలిసిన నీరు మాత్రమే. వెనిగర్‌ను వాడదలచుకుంటే, పని అంతా అయ్యాక మిగిలిన సోడా తెల్లటి చారలను తుడవడానికి వాడండి.

వంట సోడా బలహీనమైన క్షారం, దాని ద్రావణం పీహెచ్ 8.3 దగ్గర ఉంటుంది. అందుకే అది నెమ్మదిగా పనిచేస్తుంది, అందుకే చేతికీ, ఓవెన్ గోడలపై గాజులా ఉండే ఎనామెల్ పూతకూ పెద్దగా హాని చేయదు. అర కప్పు సోడాలో మూడు నాలుగు చెంచాల నీరు కలిపి, గోడకు పూస్తే కిందికి జారనంత చిక్కగా చేసుకోవాలి. ఓవెన్‌కు కరెంటు తీసేసి, పూర్తిగా చల్లారాక, హీటింగ్ కాయిల్స్‌కూ, ఫ్యాన్‌కూ, గ్యాస్ బర్నర్ రంధ్రాలకూ తగలకుండా ఆ ముద్దను మందంగా పట్టించి 12 గంటలు వదిలేయాలి. పొద్దున చూస్తే తెల్లటి ముద్ద అక్కడక్కడా తేనె రంగుకు, పెంకు మందంగా ఉన్నచోట కాఫీ రంగుకు తిరిగి ఉంటుంది. అలా రంగు మారిన చోట కాస్త నీళ్లు చిలకరించి ప్లాస్టిక్ గరిటె అంచుతో నెడితే, పొర ముక్కలు ముక్కలుగా లేచి వస్తుంది. మొదటి రోజు సగమే వచ్చిందని నిరుత్సాహపడి ఇనుప పీచు అందుకోవద్దు. అది ఎనామెల్ మీద వేసే గీతల్లోకి తర్వాతి మాడు మరింత గట్టిగా దిగుతుంది. రెండవ రాత్రి మళ్లీ పూయడమే సరైన పని.

కాస్టిక్ క్లీనర్లలో ప్రధానంగా ఉండే సోడియం హైడ్రాక్సైడ్ చాలా తీవ్రమైన క్షారం. అది కొవ్వును అక్కడికక్కడే సబ్బుగా మార్చేస్తుంది కనుక, సోడాకు రెండు రాత్రులు పట్టే పని దీనితో తక్కువ సమయంలోనే ముగుస్తుంది. ఆ శక్తిని నేను తక్కువ చేయను. కానీ చర్మంలోని కొవ్వును కూడా అది అలాగే సబ్బుగా మారుస్తుంది. వేళ్లు జారుతున్నట్టు అనిపించిందంటే చర్మం అప్పటికే దెబ్బతింటోందని అర్థం. వెంటనే ధారగా పడే నీటి కింద చాలాసేపు కడగాలి. మోచేతుల వరకు తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు, తెరిచిన కిటికీలు లేకుండా డబ్బా మూత తీయకూడదు. చల్లటి ఓవెన్‌లో వాడమని డబ్బాపై రాసి ఉంటే గోరువెచ్చగా ఉన్నప్పుడు కూడా వాడవద్దు. అల్యూమినియం ట్రేలకు అది తగిలితే లోహం తినుకుపోతుంది, హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. స్వీయ శుభ్రత ఉన్న ఓవెన్ల ఎనామెల్‌పై దీనిని వాడవద్దని తయారీదారులు సాధారణంగా చెబుతారు. లోపలి పలకలు గరుకుగా ఉండి, వంట వేడికే జిడ్డును కాల్చేసే క్యాటలిటిక్ రకమైతే, ఆ పలకలకు ఇదే కాదు, సోడా ముద్ద కూడా పనికిరాదు. వాటి సన్నటి రంధ్రాలు పూడిపోతాయి.

మీట నొక్కితే చాలనిపించే స్వీయ శుభ్రతలో, తలుపు తనంతట తాను బిగుసుకుని, లోపలి వేడి సుమారు 480 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, కొన్ని గంటల్లో మాడు బూడిదవుతుంది. తేలికపాటి మురికికి దీనిని మించిన సుఖం లేదు. అయితే మనం మాట్లాడుతున్నది బాగా మురికి పట్టిన ఓవెన్ గురించి, అక్కడే నాకు దీనిపై అభ్యంతరం. అడుగున కొవ్వు గుంటలు కట్టి ఉంటే ఇల్లంతా పొగ కమ్ముతుంది, కొన్నిసార్లు మంట కూడా లేస్తుంది. జాలీలను లోపలే ఉంచితే వాటి మెరుపు పోతుంది. ఆ పొగలు పెంపుడు పక్షుల ప్రాణం తీయగలవు. పక్షులున్న ఇంట్లో నేనైతే ఆ మీట జోలికే పోను. ఈ సౌకర్యం లేని ఓవెన్‌ను 250 డిగ్రీలకు పెట్టి అదే ఫలితం ఆశించడం కూడా పొరపాటే, ఆ వేడికి మాడు కాలిపోదు, మరింత గట్టిపడుతుంది.

కాబట్టి నా ఓటు వంట సోడాకే, అదీ వరుసగా రెండు రాత్రులు. అప్పటికీ ఎనామెల్ మూలల్లో మొండిగా మిగిలిన మచ్చలుంటే, వాటి మేరకే కాస్టిక్ క్లీనర్ వాడవచ్చు. పొర పలచబడి ఉంటుంది గనుక కొద్దిగా సరిపోతుంది. స్వీయ శుభ్రత ఉన్నవారు కూడా మందపు మాడును ముందు చేత్తో తీసి, తర్వాతే మీట నొక్కాలి. స్టీలు జాలీలను వేడి నీటిలో బట్టల సోడా కలిపి రాత్రంతా నానబెడితే చాలు. తలుపు చుట్టూ ఉండే సీల్‌ను మాత్రం ఏ పద్ధతిలోనూ రుద్దవద్దు. అది దెబ్బతింటే వేడి బయటికి పోతుంది. అన్నీ తడిగుడ్డతో మూడు నాలుగు సార్లు తుడిచి, ఆరాక, కిటికీలు తెరిచి ఖాళీ ఓవెన్‌ను కాసేపు వేడి చేసి, ఏ వాసనా రాకపోతేనే లోపల వంట పెట్టండి.