సమురాయ్ ద్వంద్వయుద్ధాలు: ఏ మార్పు నిలబడింది, ఏది బెడిసికొట్టింది

లెజెండ్ ఆఫ్ ది ఫైవ్ రింగ్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ సమురాయ్ పాత్రల్లో ఆడే ఆట. దాని 4వ ఎడిషన్‌లో ఇయైజుత్సు (ఒరలోంచి కత్తి దూస్తూనే వేటు వేసే విద్య) ద్వంద్వయుద్ధం మూడుసార్లు పాచికలు వేస్తే తేలిపోయేది. ఎదుటివాణ్ని అంచనా వేయడం, ఏకాగ్రత, ఆపైన వేటు. ఉత్కంఠకు లోటు లేదు గానీ, నైపుణ్యం ఎవరికి ఎక్కువో తెలిస్తే ఫలితం దాదాపు తెలిసిపోయినట్టే. 2018లో వచ్చిన 5వ ఎడిషన్ పద్ధతి ఇంతకన్నా చాలా మెరుగు. ఎన్నో కాంపెయిన్లలో (పూటల తరబడి సాగే కథల్లో) వాడాక కూడా ఇదే మాట చెబుతాను.

దాని బలమంతా స్ట్రైఫ్‌లో, అంటే పాత్ర మనసు మీద పేరుకునే ఒత్తిడి పాయింట్లలో ఉంది. ప్రతి రౌండ్ మొదట్లో ఆ రౌండ్ నంబరెంతో అంత స్ట్రైఫ్ ఇద్దరికీ పడుతుంది. ప్రతి పాత్రకూ ఎయిర్, ఎర్త్, ఫైర్, వాటర్, వాయిడ్ అని అయిదు రింగులు (గుణాల కొలతలు) ఉంటాయి. ఎర్త్ 2, వాటర్ 2 ఉన్న పాత్రకు కంపోజర్, అంటే స్ట్రైఫ్ దాటితే నిగ్రహం తప్పే హద్దు, 8. ఈ ఒక్క లెక్కకే మూడో రౌండ్‌కి 6, నాలుగో రౌండ్‌కి 10 చేరుతుంది. పాచికల మీద వచ్చేదీ, ముందు దెబ్బ కోసం రహస్యంగా పందెం కాసేదీ కలిస్తే చాలాసార్లు మూడో రౌండ్‌లోనే నిగ్రహం తప్పి, అవతలివాడికి ఫినిషింగ్ బ్లో (పోరు ముగించే వేటు) అవకాశం దొరుకుతుంది. కత్తి తగలకముందే మనసు ఓడిపోతుంది. నాకు ఈ ఆట నచ్చేది ఇందుకే.

ఆటగాడు ప్రతి రౌండ్‌లో ఒక రింగును తన స్టాన్స్‌గా (పోరాడే భంగిమగా) ఎంచుకుంటాడు. చిక్కల్లా వాయిడ్ స్టాన్స్‌తోనే. వేసిన పాచికల్లో ఉంచుకున్నవాటి స్ట్రైఫ్ అందులో అంటదు కాబట్టి ఆటగాళ్లు అక్కడే పాతుకుపోతారు. దీనికి విరుగుడు ప్రెడిక్ట్, అంటే ఎదుటివాడు తర్వాత ఏ స్టాన్స్ ఎంచుకుంటాడో రహస్యంగా ఊహించడం. ఊహ నిజమైతే అవతలివాడికి 4 స్ట్రైఫ్ పడుతుంది, స్టాన్స్ కూడా మార్చుకోవాలి. దీన్ని పదునుపెట్టడానికి మేం పేకముక్కలు వాడతాం. ఒకటి నుంచి అయిదు దాకా ఒక్కో ముక్క ఒక్కో రింగు. రౌండ్ మొదట్లో ఇద్దరూ ముక్క బోర్లించి, ఒకేసారి తిప్పాలి. ప్రెడిక్ట్ చేసినవాళ్లు ముక్కలు పడకముందే ఊహను కాగితం మీద రాసిపెట్టాలి, లేదంటే వాదన తప్పదు. ఎదుటి స్టాన్స్ చూసి ఆడే వీలు రెండోవాడికి పోతుంది కనుక పందేలు పెద్దవవుతాయి. అది మంచిదే.

ఇద్దరు తలపడుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూసుకోవడం మరో సమస్య. వాళ్లలో ఇద్దరిని చెరోవైపు సాక్షులుగా నిలబెట్టి, తలా ఒక టోకెన్ ఇవ్వండి. పాత్ర గొంతుతో ఒక మాట చెప్పి తమవాడి స్ట్రైఫ్ 1 తగ్గించవచ్చు. రెండు మాత్రం ఇవ్వొద్దు. పై లెక్కలో నాలుగో రౌండ్ 10 కాస్తా 8కి దిగుతుంది, కంపోజర్ దాటదు, పోరు సాగిపోతుంది.

కత్తి బదులు కవిత్వ పోటీ పెట్టాలంటే జపాన్‌లో హెయాన్ కాలపు ఉతా-అవాసే (కవితల పోటీ) పద్ధతి సరిపోతుంది. అంశం ఇచ్చి ఎడమ, కుడి పక్షాల చేత చెప్పించి, గెలుపో సమానమో తేల్చాలి. స్ట్రైఫ్ నియమాన్ని కదపకండి. విలువిద్యకు ఇదే పద్ధతి వాడితే చప్పగా ఉంది, మానేశాం.

ఏ రకమైనా షరతు ముందే పలికించండి. మొదటి వేటా, మొదటి నెత్తురా, ప్రాణమా? ప్రాణానికైతే ప్రభువు అనుమతి కావాలి. ఆ అనుమతి సంపాదించడానికే ఒక పూట ఆట నడుస్తుంది.