750 వాట్ల మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్: బెజవాడలో మూడు వేసవులు వాడాక

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. భవానీపురంలో మా ఇంటి ముందుగదే నా స్టూడియో. 2022 మార్చిలో కంప్యూటర్‌కి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన వోల్టులకి మార్చే పెట్టె) మార్చాల్సి వచ్చి, 750 వాట్లు, గోల్డ్ రేటింగ్ (కరెంటు తక్కువ వృథా చేస్తుందనే ముద్ర), ఫుల్ మాడ్యులర్ (తీగలన్నీ ఊడదీయొచ్చు), పదేళ్ల వారంటీ ఉన్నది తీసుకున్నాను. అప్పటినుంచి రోజుకి ఎనిమిది గంటలు దాని మీదే పని. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఒకే కంపెనీలో మంచివీ వస్తాయి, నాసివీ వస్తాయి. పెట్టె మీద పేరు అలాగే ఉంచి లోపలి సరుకు మార్చేయడం ఈ వ్యాపారంలో మామూలే. అందుకని ఏం చూసి కొన్నానో, కొన్నాక ఏం జరిగిందో చెబుతాను.

పాతది 550 వాట్ల బ్రాంజ్ (గోల్డ్ కన్నా కింది రేటింగ్), సెమీ మాడ్యులర్ (కొన్ని తీగలే ఊడతాయి). 2017లో కొన్నాను. ఐదేళ్లు ఏ పేచీ పెట్టలేదు. ఆ ఫిబ్రవరిలో జబ్బు మొదలైంది. బ్రౌజర్ చూసుకుంటున్నంతసేపూ బాగానే ఉండేది. రెండు గంటల రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని ఒక్క ఫైలుగా తయారుచేయడం) పెట్టి భోజనానికి వెళ్లొస్తే మాత్రం ఖాళీ డెస్క్‌టాప్ కనబడేది. మధ్యలో ఎక్కడో రీస్టార్ట్ అయిపోయి ఉండేది. అవతల పెళ్లికూతురి అన్నయ్య రోజుకి నాలుగుసార్లు ఫోన్. విండోస్ మళ్లీ ఎక్కించాను, ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. ఒక షాపుకి మోసుకెళ్తే, ఎస్‌ఎంపీఎస్ బయటికి తీసి, కంప్యూటర్ లేకుండానే ఆన్ అయ్యేలా పెద్ద కనెక్టర్లో ఆకుపచ్చ తీగకీ నల్ల తీగకీ పిన్నీసు కలిపారు. ఫ్యాన్ తిరిగింది. "ఎస్‌ఎంపీఎస్ బ్రహ్మాండంగా ఉందండీ, మదర్‌బోర్డే పోయింది" అన్నారు.

మా బావమరిది ఎలక్ట్రీషియన్. వాడికి చెబితే నవ్వాడు. "ఖాళీ ఆటో ఎవడైనా నడుపుతాడు బావా, పదిమందిని ఎక్కించి ఫ్లైఓవర్ ఎక్కించి చూడు" అన్నాడు. మల్టీమీటర్ తెచ్చి, ఖాళీగా ఉన్న మోలెక్స్ అనే నాలుగు పిన్నుల కనెక్టర్లో పసుపు తీగకీ నల్ల తీగకీ మధ్య పెట్టాడు. ఊరికే ఉన్నప్పుడు 11.92 వోల్టులు. రెండర్ మొదలుపెట్టగానే 11.28. ఆ లైను 12 వోల్టులకి ఐదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు. అంతకన్నా దిగిపోతోంది కాబట్టి మిషన్ తట్టుకోలేక రీస్టార్ట్ అవుతోంది. మదర్‌బోర్డు ఇప్పటికీ అదే.

గవర్నర్‌పేటలో రెండు షాపులు తిరిగాను. మొదటిదాంట్లో కుర్రాడు 450 వాట్ల పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, "పదిహేను వందలండీ, మీకు ఇంతకన్నా దేనికండీ?" అన్నాడు. చేత్తో పట్టుకుంటే మా పిల్లాడి టిఫిన్ బాక్స్ అంత బరువు కూడా లేదు. బరువు కొలమానమని కాదుగానీ, లోపల ట్రాన్స్‌ఫార్మరూ కాయిళ్లూ కెపాసిటర్లూ ఉండాల్సినంత ఉంటే అంత తేలిగ్గా ఉండదు. నేను చూసింది స్టిక్కర్ మీది పట్టీ. మొత్తం 450 అన్నారు, 12 వోల్టుల లైనులో మాత్రం 20 ఆంపియర్లు రాశారు. అంటే 240 వాట్లు. ఈ కాలపు మిషన్లో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేదంతా ఆ లైను నుంచే. మిగతా వాట్లు 5 వోల్టుల లైనులో ఉంటే మనకెందుకు?

ఎన్ని వాట్లు కావాలో ముందే కాగితం మీద లెక్క వేసుకున్నాను. ప్రాసెసర్ రైజెన్ 7 5800ఎక్స్. పేరుకి 105 వాట్లేగానీ గట్టిగా పనిచేస్తే 142 దాకా లాగుతుంది. కార్డు ఆర్‌టీఎక్స్ 3060, 170 వాట్లు. డిస్కులు, ఫ్యాన్లు, బోర్డు అన్నీ కలిపి 70 వేసుకున్నా 400 దాటదు. 550 చాలు, 650 అయితే నిశ్చింత. మరి 750 ఎందుకంటే, ఆ రోజు షాపులో 650కీ దీనికీ తేడా ఏడొందలే. గ్రాఫిక్స్ కార్డులు సెకనులో చిన్న ముక్కపాటు మామూలుకన్నా చాలా ఎక్కువ లాగుతుంటాయి, ఆ వెసులుబాటు కూడా ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్లలో 650 అయినా సరిపోయేదనే తేలింది. ఏడొందలు పెద్ద బాధేం లేదు.

గోల్డ్ సంగతి. కరెంటు బిల్లు ఆదా అవుతుందని షాపులో చెబుతారు. లెక్క చూడండి. లోపల 300 వాట్లు ఖర్చయితే, 85 శాతం ఇచ్చే బ్రాంజ్ గోడ నుంచి 353 వాట్లు తీసుకుంటుంది, 90 శాతం ఇచ్చే గోల్డ్ 333 తీసుకుంటుంది. తేడా 20 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు అంటే 48 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా 340 దాటదు. బ్రాంజ్ కన్నా నేను రెండున్నర వేలు ఎక్కువ పెట్టాను. తిరిగి రావాలంటే ఏడేళ్లు. బిల్లు కోసమైతే గోల్డ్ కొనకండి.

నేను కొన్నది వేడి కోసం. వృథా అయ్యే కరెంటంతా పెట్టె లోపల వేడిగా మారుతుంది, గోల్డ్‌లో అది తక్కువ. ఆ రేటింగ్ పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు. మే నెల బెజవాడలో 23 డిగ్రీలంటే బీసెంట్ రోడ్డు బట్టల కొట్టు ఏసీ కిందే. మా ముందుగది మధ్యాహ్నం 38 దాటుతుంది, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్‌లో ముందు ముసలైపోయేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపు అంటారు. కాబట్టి కాగితాల్లో రెండు మాటలు వెతికాను: కెపాసిటర్లు 105 డిగ్రీల దాకా తట్టుకునేవా, పూర్తి వాట్లు 50 డిగ్రీల దగ్గర కూడా ఇస్తానంటోందా. కొన్ని మోడళ్లు 40 అనో, అసలు ఏమీ చెప్పకుండానో వదిలేస్తాయి. రెండో షాపులో ఈ రెండూ ఉన్నది దొరికింది, పదివేలకి కాస్త తక్కువ.

ఇక మాడ్యులర్. తీగలన్నీ ఊడదీసే వీలున్నది ఫుల్, బోర్డువీ ప్రాసెసర్‌వీ అతుక్కుని వచ్చేది సెమీ. ఆ రెండు తీగలూ ఎలాగూ పెట్టాల్సిందే కాబట్టి, తగిలించే రోజున ఫుల్‌తో నాకు వచ్చిన లాభం ఏమీ లేదు. పనికొచ్చింది తర్వాతే. ఏటా దసరాకి ముందు దుమ్ము దులిపేటప్పుడు, తీగలు క్యాబినెట్లోనే వదిలేసి పెట్టె ఒక్కటే బయటికి లాగుతాను. వెనక నాలుగు స్క్రూలు, అంతే. పాతదానితో ఈ పనికి ఆదివారమంతా పోయేది.

ఇప్పుడు నా తెలివితక్కువతనం చెప్పాలి. 2023లో డిస్కు నిండిపోయి, 4 టీబీ హార్డ్ డిస్కు ఇంకొకటి పెట్టాను. డిస్కుకి కరెంటిచ్చే సాటా పవర్ తీగ ఒకటి తక్కువైంది. కొత్తదానితో వచ్చిన తీగల సంచి అటక మీద ఎక్కడో ఉంది, పాతదాని తీగలు మాత్రం బల్ల సొరుగులోనే ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే ఎస్‌ఎంపీఎస్ వైపు సరిగ్గా దూరింది, కొక్కెం కూడా టక్కుమని పడింది. స్విచ్ వేశాను. చిన్న టిక్ శబ్దం, మిషన్ ఆన్ కాలేదు. తీగ పీకేస్తే ఆన్ అయింది. డిస్కు మాత్రం మళ్లీ తిరగలేదు. అందులో అంతకు ముందు రోజే వేరే మిషన్ నుంచి ఎక్కించిన గుణదల పెళ్లి ఫుటేజ్ ఉంది, మెమరీ కార్డులు అప్పటికే ఫార్మాట్ చేసేశాను.

జరిగిందేమిటంటే, డిస్కు వైపు కనెక్టర్‌కి అందరూ ఒప్పుకున్న కొలత ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. ఏ రంధ్రంలో 12 వోల్టులు, ఏ రంధ్రంలో 5 వోల్టులు అన్నది ఎవరి ఇష్టం వారిది. కంపెనీ మారితేనే కాదు, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారిపోవచ్చు. ఆకారం మాత్రం ఒకటే కాబట్టి చక్కగా దూరుతుంది. నా డిస్కులో 5 వోల్టుల దారిలోకి 12 వెళ్లింది.

అదృష్టం ఏమిటంటే హార్డ్ డిస్కు బోర్డు మీద ఇలాంటప్పుడు తాను షార్ట్ అయిపోయి మిగతావాటిని కాపాడే టీవీఎస్ డయోడ్ అనే చిన్న ముక్క ఉంటుంది. ఏలూరు రోడ్డులో మొబైల్ బోర్డులు రిపేరు చేసే ఒక అబ్బాయి భూతద్దంలో చూసి, "ఇదొక్కటే పోయిందన్నా" అని దాన్ని ఊడదీశాడు. డిస్కు తిరిగింది. ఫుటేజ్ మొత్తం కాపీ చేసుకునేదాకా ఆ కుర్చీ లోంచి లేవలేదు. ఆ అబ్బాయి మూడొందలు అడిగితే వెయ్యి ఇచ్చాను. డయోడ్ లేని ఆ డిస్కుని ఇప్పుడు పనికి వాడటం లేదు. ఎస్‌ఎస్‌డీ అయి ఉంటే ఈ కథ ఇలా ముగిసేది కాదేమో.

ఎస్‌ఎంపీఎస్ మార్చిన కొత్తలో ఇంకో టెన్షన్ వచ్చింది. చెప్పుల్లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. సరుకు డిఫెక్ట్ అనుకుని షాపుకి ఫోన్ చేయబోతుంటే బావమరిది ఆపాడు. ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది, లేకపోతే బాడీ మీద సగం వోల్టేజ్ తేలుతుంది. మీటర్ పెడితే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 రావాల్సింది వంద కూడా రాలేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో ఎర్త్ తీగ ఊడి ఉంది, పెరట్లో ఎర్త్ గుంత ఎండిపోయి ఉంది. తీగ బిగించి, గుంతలో నాలుగు బిందెల నీళ్లు పోశాక జివ్వుమనడం పోయింది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు కొత్త ఎస్‌ఎంపీఎస్‌ని తిట్టే ముందు ఇది చూసుకోండి.

ఇన్వర్టర్ విషయం కూడా. మా పాత ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది. కరెంటు పోగానే కొత్త ఎస్‌ఎంపీఎస్ మిషన్‌ని ఆర్పేసేది, పాతది ఎలాగోలా లాక్కొచ్చేది. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ కరెంటుని నున్నగా లాక్కునే సర్క్యూట్) ఉన్నవాటిలో కొన్నింటికి ఆ ముతక కరెంటు పడదు. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టి, దాని వెనక చిన్న స్విచ్‌ని యూపీఎస్ మోడ్‌లో (కరెంటు పోగానే వెంటనే అందుకునేలా) ఉంచాక సమస్య పోయింది. అంటే పదివేల ఎస్‌ఎంపీఎస్ కొని, దానికోసం ఇన్వర్టర్ మార్చాను. ఇంట్లో ఈ లెక్క మాత్రం చెప్పలేదు.

ఫ్యాన్ గురించి చెప్పుకోవాలి. లోడ్ తక్కువగా ఉంటే అసలు తిరగదు, చలికాలం రాత్రుళ్లు గది నిశ్శబ్దంగా ఉంటుంది. వేసవిలో తిరుగుతూనే ఉంటుంది, అయినా సీలింగ్ ఫ్యాన్ చప్పుడులో వినబడదు. తిరగని ఫ్యాన్ రెక్కల సందున బల్లి దూరుతుందేమోనని నాకు భయం. మా వీధిలో ఒకాయన మిషన్ అలాగే పోయింది. అడుగున దుమ్ము జాలీ సరిగా కూర్చుందో లేదో నెలకోసారి చూస్తాను. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎప్పుడూ విప్పను. స్విచ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 380 వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలోకీ నీళ్లొచ్చాయి. ఇప్పటి క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ అడుగునే ఉంటుంది, జానెడు నీళ్లు చాలు. ముందురోజు రాత్రే మిషన్‌ని పై వాటాలోకి చేర్చాం కాబట్టి బయటపడ్డాను. అప్పటినుంచి అది నేల మీద లేదు, బల్ల మీదే.

నచ్చనివి కొన్ని ఉన్నాయి. తీగలు మొండిగా ఉన్నాయి, 24 పిన్నులది వంచి పక్క తలుపు మూయాలంటే మోకాలితో నొక్కాలి. పెట్టె పాతదానికన్నా రెండు సెంటీమీటర్లు పొడుగు, దాంతో హార్డ్ డిస్కులు పెట్టే గూడు ఒకటి ఊడదీయాల్సి వచ్చింది. మోలెక్స్ తీగ ఒక్కటే ఇచ్చారు. వారంటీ వాడే అవసరం ఇంతవరకూ రాలేదు. ఈ మధ్య రెండర్ నడుస్తుండగా మళ్లీ మీటర్ పెట్టి చూస్తే 12.03 ఉంది.

ఇప్పుడైతే ఏం కొంటానంటే, 650 వాట్లు, ఏటీఎక్స్ 3.1 (ఎస్‌ఎంపీఎస్‌ల కొత్త ప్రమాణం), కొత్త గ్రాఫిక్స్ కార్డుల కోసం 12వీ-2x6 కనెక్టర్ ఉన్నది. నేను కొన్నప్పుడు అది లేదు, రేపు కార్డు మారిస్తే నాకు అడాప్టరే గతి. ఫుల్ మాడ్యులరా సెమీనా అంటే, ఐదొందల లోపు తేడా అయితేనే ఫుల్.

పాత ఎస్‌ఎంపీఎస్ తీగలన్నీ కత్తెరతో రెండు ముక్కలు చేసి పాత సామాన్లవాడికి వేసేశాను. కొత్తదాని సంచి అటక మీంచి దించి, మోడల్ పేరు మార్కర్‌తో రాసి, క్యాబినెట్ లోపలే టేపు వేసి అంటించాను.