చెల్లి పెళ్లి చీరల కోసం సికింద్రాబాద్, పోచంపల్లి వెళ్లొచ్చాం

అమ్మ, పిన్ని, చెల్లి, నేను నలుగురం రాజమండ్రిలో రాత్రి గౌతమి రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగాం. రెండు రోజులు చాలనుకున్నాం గానీ మూడు పెట్టుకోవాల్సింది. ఉప్పాడ మాకు దగ్గరే కదా, జామ్‌దానీలు అక్కడే తీసేసుకున్నాం, చెల్లికి మాత్రం చిన్నప్పట్నించీ పోచంపల్లి పట్టుచీర మీదే మనసు, అందుకే ఈ ప్రయాణం.

స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాం. దుప్పట్లు, బాత్రూము శుభ్రంగానే ఉన్నాయి, కానీ ఎనిమిది దాటితే వేడినీళ్లు రావు, లిఫ్ట్ లేదు, బట్టల సంచులతో మూడో అంతస్తు ఎక్కేసరికి పిన్నికి మోకాళ్లు పట్టేశాయి. పెద్దవాళ్లతో వెళ్తే రూము బుక్ చేసేటప్పుడే లిఫ్ట్ ఉందా అని అడగండి.

చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలకి మాత్రం సికింద్రాబాద్ జనరల్ బజారే, ఇంకెక్కడా తిరగక్కర్లేదు. పాతిక చీరలు ఒకే కొట్లో తీసుకుంటామంటే రేటు వాళ్లే తగ్గించారు, విసుక్కోకుండా కట్టలు కట్టలు విప్పి చూపించారు, మ్యాచింగ్ లైనింగులు, ఫాల్స్ అన్నీ ఆ సందుల్లోనే దొరికాయి. సాయంత్రం చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి వెళ్లాం, షేర్వానీలు, లెహంగాలు బాగున్నాయి గానీ జనం బాగా ఎక్కువ, పొద్దున్నే వెళ్తే నయం.

అసలు బాధ మధ్యలో వెళ్లిన ఒక పెద్ద ఏసీ షోరూమ్‌లో జరిగింది, పేరు ఎందుకులెండి. కూల్‌డ్రింకులిచ్చి కూర్చోబెట్టి, పోచంపల్లి అని చెప్పి 3,800కి పిన్నికి ఒక చీర అంటగట్టారు. పిన్ని ముచ్చటపడి తీసుకుంది.

మర్నాడు కారు మాట్లాడుకుని విజయవాడ హైవే మీంచి ఎడమకి తిరిగి పోచంపల్లి వెళ్లాం, గంటన్నర పట్టింది. 1951లో వినోబా భావే వచ్చినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు దానమిచ్చింది ఈ ఊళ్లోనే, భూదాన్ పోచంపల్లి అనే పేరు అలా వచ్చిందే. మెయిన్ రోడ్డు మీద షాపులే షాపులు, మేం ముందు మగ్గం చూస్తామని అడిగితే ఒకాయన వాళ్లింటికే తీసుకెళ్లారు.

అక్కడ ఒక గంట కూర్చున్నాం. నూలుని ముందు ఆసు పోస్తారు, అంటే చేత్తో పోగుని అటూ ఇటూ తిప్పుతూ మేకుల చుట్టూ చుడతారు, డిజైన్ ప్రకారం ఎక్కడ రంగు పట్టకూడదో అక్కడ సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలు బిగించి కట్టి రంగులో ముంచుతారు, మళ్లీ విప్పి మళ్లీ కట్టి ఇంకో రంగు, ఇదంతా అయ్యాకే మగ్గం ఎక్కేది. ఈ ఆసు పోసీ పోసీ ఆడవాళ్ల భుజాలు అరిగిపోయేవి, తన తల్లి పడే నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు మెషీన్ చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి. ఆ ఇంటావిడ కూడా ఇప్పుడు ప్రాణానికి సుఖంగా ఉందమ్మా అన్నారు.

పిన్ని తన కొత్త చీర తీసి చూపించింది. ఆ నేతాయన ఏమీ అనలేదు, కొంగు తిరగేసి పెట్టారంతే. వెనక రంగు వెలిసినట్టు తెల్లగా ఉంది, పువ్వుల అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. మగ్గం మీద నేసిన అసలు పోచంపల్లి చీరకి రెండు వైపులా ఒకటే రంగు, అంచులేమో కాస్త చెదిరినట్టు ఉంటాయి, కట్టి రంగేసిన నూలు కదా. పిన్నిది ఉత్త ప్రింటు. పిన్ని మొహం చూస్తే కడుపు తరుక్కుపోయింది, బిల్లు మీద ఎక్స్‌ఛేంజ్ లేదని రాసుంది, ఫోన్ చేస్తే మాట్లాడను కూడా లేదు వాళ్లు. అందుకే చెప్తున్నా, ఏ షోరూమైనా సరే, కొనేముందు చీర వెనక్కి తిప్పి చూడండి.

చెల్లికి ఆనందా నీలం, ఎరుపు కలిసిన పట్టుచీర 11,500కి తీసుకున్నాం, పిన్నికి 2,200లో కాటన్‌ది. పడుగు పేక, అంటే నిలువు పోగులూ అడ్డం పోగులూ రెండూ ఇలా కట్టి రంగేసి నేసిన డబుల్ ఇక్కత్ చాలా ఎక్కువ రేటు, మా వల్ల కాలేదు. బేరం పెద్దగా ఆడలేదు, ఆ పని చూశాక నోరు రాలేదు. ఊళ్లో తిండికి పెద్ద ఏర్పాటు కనపడలేదు, మేం పులిహోర కట్టుకెళ్లబట్టి సరిపోయింది.

వచ్చేటప్పుడు ఆ ఇంటావిడ మా చీర కట్టుకున్న పెళ్లికూతురి ఫోటో పంపండమ్మా అన్నారు, అమ్మ అడ్రస్ రాసుకుని మొన్న శుభలేఖే పోస్ట్ చేసింది.