పుస్తకం వేసిపెడతామనే ప్యాకేజీలు: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కథలనో కవితలనో సొంతంగా పుస్తకంగా వేసుకుందామని చూస్తున్నవాళ్లు ఒక్కసారి ఆగండి. "రాతప్రతి పంపండి చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్న ప్రకటన చూసి నా కథల సంపుటికి 32,000 రూపాయలు కట్టాను. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కట్టడం), ముఖచిత్రం, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు), 100 కాపీలు, ఈ-బుక్ అన్నీ అందులోనే అన్నారు. చేతికొచ్చిన పుస్తకాన్ని ఊరికే ఇవ్వడానికి కూడా మొహం చెల్లడం లేదు.

పెద్ద దెబ్బ అక్షరాలకే తగిలింది. నేనిచ్చింది యూనికోడ్ ఫైలు, అంటే ఫోన్లో, నెట్లో మనం మామూలుగా టైపు చేసే తెలుగు. మన దగ్గర డీటీపీ వాళ్లు చాలామంది ఇప్పటికీ 'అను' అనే పాతరకం ఫాంట్లలోనే పేజీలు కడతారు. అందులో తప్పేం లేదు, అచ్చులో ఆ అక్షరం నిండుగా ఉంటుంది. కాకపోతే ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుంటాయి కాబట్టి ఫైలును కన్వర్టర్‌లో వేసి మార్చాలి. మార్చాక ఒక మనిషి కూర్చుని చదవాలి. వీళ్లు చదవలేదు. 'సాఫ్ట్‌వేర్' అన్న ప్రతిచోటా వకారం వత్తై కిందికి దిగి 'సాఫ్ట్వేర్' అయింది, 'ఫేస్‌బుక్' కాస్తా 'ఫేస్బుక్' అయింది. ఐటీ ఉద్యోగుల కథలు రాసేవాడికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది!

ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు దిద్దే పేజీలు) అడిగితే వాట్సాప్‌లో పేజీల ఫొటోలు పంపారు. తప్పులన్నీ అక్కడే రాసి పంపాను. వాళ్లు ఆ చాట్‌లో మెసేజ్‌లు 7 రోజులకు మాయమయ్యే సెట్టింగ్ పెట్టారు. అచ్చయ్యాక అడిగితే, "మీరు తప్పులేం చెప్పలేదే సార్" అని తాపీగా అన్నారు. ఫోన్లో ఎన్ని తీపి మాటలు చెప్పినా సరే, ధర, గడువు, ప్రూఫులు ఈమెయిల్‌లోనే నడవాలని మొదటి రోజే పట్టుబట్టండి. కుదరదంటే అక్కడితో నమస్కారం పెట్టేయండి.

ముఖచిత్రం ఆర్టిస్టు చేత వేయించామని విడిగా వసూలు చేశారు. బొమ్మలో పల్లెవెలుగు బస్సు బాగానే ఉంది, దాని బోర్డు మీద రాసిందే ఏ లిపో బ్రహ్మకైనా తెలియాలి. ఏఐతో చేస్తే చేశామని చెప్పాలి, ఆర్టిస్టు రేటు అడగకూడదు.

బిల్లులో ఐఎస్‌బీఎన్‌కు 3,000 రూపాయలు వేశారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి: మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఆ నంబరును ఉచితంగా ఇస్తుంది. రచయిత కూడా సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఒప్పందంలో ఇంకో మెలిక ఉంది. ఆడియో, అనువాదం, సినిమా సహా హక్కులన్నీ కాపీరైట్ ఉన్నంతకాలం వాళ్లవేనట. అచ్చు ఖర్చు మనది, హక్కులు వాళ్లవి! 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి, కాలం రాయకపోతే 5 ఏళ్లుగానే లెక్క. వీళ్లకు అది తెలుసు కాబట్టే కాలం రాశారు. ఆ పేరా కొట్టేయమన్నాక వారంపాటు ఫోన్ ఎత్తలేదు, చివరికి కొట్టేశారు.

ప్యాకేజీ కొనేముందు చిన్న పరీక్ష చేయండి. వాళ్లు వేసిన ఈ-బుక్ నమూనా పీడీఎఫ్ అడిగి, ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది పాత ఫాంటు. అచ్చుకు సరే గానీ, ఆ ఈ-బుక్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు. పని పూర్తయ్యాక పీడీఎఫ్ ఒక్కటే కాకుండా, పేజీలు కట్టిన ఒరిజినల్ ఫైలు కూడా ఇస్తామని రాయించుకోండి. లేదంటే రెండో ముద్రణకు మళ్లీ వాళ్ల గుమ్మమే తొక్కాలి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. ఇప్పటికే ఎవరికైనా ఇలా అడ్వాన్స్ కట్టినవాళ్లు ముందు ఆ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఎక్స్‌పోర్ట్ కాకపోతే స్క్రీన్‌షాట్లు తీసుకోండి, యూపీఐ రసీదులతో సహా.