తెల్లమచ్చల మందని సుద్దపొడి అంటగడుతున్నాడు, అజేలియా ఉన్నవాళ్ళు జాగ్రత్త

ఎవరో మీకు తెలుసు. అజేలియా మొక్కలూ వాడే అమ్ముతాడు, వాటికి మందులూ వాడే అమ్ముతాడు. ఫొటో పంపితే రెండు నిమిషాల్లో తెగులు పేరు చెప్పేస్తాడు. పేరు రాయను. ఫొటో చూసి చెప్పిన మాట నమ్మి డబ్బు కట్టిన నా తెలివికి ముందు దండం పెట్టాలి.

కొమ్మల పంగల్లో తెల్లగా ఉందంటే "బూడిద తెగులు, మా పొడి మూడుసార్లు కొట్టండి" అన్నాడు. వచ్చింది లేబుల్ లేని కవరు. లీటరుకు రెండు చెంచాలట. కొట్టాక మొక్క వెల్ల వేసిన గోడలా తయారైంది. ఇదేంటంటే "తెల్లగా ఉందంటే మందు పట్టినట్టే" అన్నాడు. తెలుపు పోవడానికి కొన్న మందు పనిచేసిందనడానికి గుర్తు ఇంకాస్త తెలుపు. భేష్!

మొక్క మీద కొట్టకముందే చేయాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. చెంచా పొడి గ్లాసు నీళ్ళలో కలిపితే కరగలేదు, కాసేపటికి అడుగున ముద్దగా పేరుకుంది. పై నీళ్ళు వంచేసి ఆ ముద్ద మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది. బూడిద తెగులుకు నిజంగా వాడే పొటాషియం బైకార్బనేట్ కూడా వెనిగర్‌కు పొంగుతుంది, కానీ అది ముందే నీళ్ళలో కరిగిపోతుంది. ఆ తెగులుకే వాడే మరో మందు గంధకమైతే పసుపుగా ఉంటుంది, పొంగదు. కరగకుండా అడుగున మిగిలి, వెనిగర్ పడగానే పొంగిందంటే అది సుద్ద. వీడియో తీసి పంపితే వచ్చిన జవాబు ఇదీ: "మీ వెనిగర్‌లోనే ఏదో తేడా ఉందండీ. మొక్కలు పెంచడం అందరికీ రాదు." ఆ వెంటనే బ్లాక్. తిట్టినా 'అండీ' మాత్రం మరిచిపోలేదు, అదొక్కటే మర్యాద.

ఏ మొక్కకైనా పోస్తే పోనీ అనుకోవచ్చు. అజేలియాకు ఆమ్ల నేల కావాలి, అంటే మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 4.5 నుంచి 6 మధ్య ఉండాలి. ఆకు మీద నుంచి జారిన సుద్ద కుండీలోకి దిగి పీహెచ్‌ను పెంచుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. పొడి పడి ఉంటే పైమట్టి రెండు మూడు సెంటీమీటర్లు గీకి తీసేసి, సున్నం కలపని పీట్ (కుళ్ళిన నాచుతో ఏర్పడే మట్టిలాంటి పదార్థం) వేయండి. ఆకుల్ని వాన నీళ్ళలో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి, ఆ నీళ్ళు కుండీలో పడకుండా మట్టి మీద కవరు కప్పి. పసుపు మొదలైపోతే చీలేటెడ్ ఐరన్ (వేరుకు అందే రూపంలో కట్టిపెట్టిన ఇనుము) ఇవ్వాలి. పీహెచ్ 6.5 దాటాక ఈడీటీఏ రకం సరిగా పనిచేయదు, ఈడీడీహెచ్ఏ రకం అడిగి తీసుకోండి.

ఇంతకీ అది బూడిద తెగులే కాదు. బూడిద తెగులు ఆకు మీద పిండి చల్లినట్టు పరుచుకుంటుంది, వేలితో రాస్తే అంటుకుంటుంది. ఇక్కడ తెలుపు ఉన్నది పంగల్లో, దూది ఉండల్లా. గోటితో నొక్కితే ఎర్రటి రసం వచ్చింది. అది బెరడు పొలుసు పురుగు. కింది ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి కూడా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. బూడిద తెగులు బూజు, ఇది పురుగు, కాబట్టి దీనికి ఏ బూజు మందూ పనిచేయదు. బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి పారేయాలి, మిగిలినచోట పాత టూత్‌బ్రష్‌ను సబ్బు నీళ్ళలో ముంచి రుద్దాలి. పిల్ల పురుగులు పాకే రోజుల్లో కీటకాలకు వాడే సబ్బు మందు కొట్టి, వారం పది రోజులకు మళ్ళీ కొట్టాలి. అవి ఎప్పుడు బయటికొచ్చాయో తెలియాలంటే కొమ్మ చుట్టూ, రెండు ముఖాలకూ జిగురున్న టేపు చుట్టండి, గులాబీరంగు చుక్కల్లా అంటుకుంటాయి. చలికాలంలో మొక్క నిద్రపోయేటప్పుడు హార్టికల్చర్ నూనె (మొక్కల మీద పురుగులకు కొట్టే నూనె) లీటరు నీళ్ళకు 20 మిల్లీలీటర్లు కలిపి కొట్టాలి. పురుగు చచ్చినా దూది అలాగే వేలాడుతుంది, అది చూసి మళ్ళీ మళ్ళీ కొట్టకండి. కొత్త కొమ్మ మీద రాకపోతే చాలు.

నూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టొద్దు, ఆకు మాడుతుంది. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంధకం అసలే వద్దు.

ఆకు పైన తెల్లటి చుక్కలుండి తుడిస్తే పోకపోతే ఆకు తిప్పి చూడండి. అడుగున నల్లటి వార్నిష్ చుక్కలుంటే అది లేస్ బగ్ (ఆకు అడుగున చేరి రసం పీల్చే చిన్న పురుగు), మందు అడుగునే తగలాలి. నీటిచుక్క ఆరినచోట గుండ్రటి మరకైతే అది సున్నం ఎక్కువున్న కఠిన నీళ్ళ పని, మందు కాదు, నీళ్ళు మార్చాలి.

అన్నట్టు, లేబుల్ మీద అసలు పనిచేసే పదార్థం పేరు, శాతం లేని పొడి ఎవరిచ్చినా కొనకండి. ఆకు అడుగు, పంగ చూపించమని అడగకుండానే తెగులు పేరు చెప్పేవాడికి డబ్బు కట్టకండి.