సైట్‌లో సమ్మె ఆపించే 418 ఆర్డర్: వేగం ఉంది, పదును తక్కువ

స్లాబ్ వేసే రోజు ట్రాన్సిట్ మిక్సర్లు గేటు ముందు బారులు తీరాక సెంట్రింగ్ వాళ్లు పని ఆపేశారనుకోండి. ఆస్ట్రేలియాలో కాంట్రాక్టర్ ముందుగా తట్టాల్సిన తలుపు ఫెయిర్ వర్క్ కమిషన్, అంటే అక్కడి కార్మిక వివాదాలు తేల్చే జాతీయ ట్రిబ్యునల్. ఫెయిర్ వర్క్ చట్టం 418 సెక్షన్ కింద అది ఇచ్చే ఆర్డర్ మెల్‌బోర్న్, సిడ్నీల్లో సబ్ కాంట్రాక్టులు చేసే మనవాళ్లకు ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే ఇక్కడి లెక్క.

వేగానికి మంచి మార్కులే వేయాలి. ఈ ఆర్డర్ కోరే ఎఫ్14 ఫారం దాఖలైతే వీలైనంతవరకు 2 రోజుల్లో తేల్చాలి. కుదరకపోతే, ప్రజాప్రయోజనానికి అడ్డు కాకుంటే, మధ్యంతర ఆర్డరైనా ఇవ్వాలి. సమ్మె మొదలయ్యేదాకా ఆగక్కర్లేదు, జరిగేలా ఉందని చూపినా చాలు. అది చట్టరక్షణ లేని సమ్మె (బ్యాలట్, నోటీసు లాంటి షరతులు పాటించనిది) అని తేలితే కమిషన్ ఆర్డర్ ఇచ్చి తీరాలి.

దరఖాస్తులు బెడిసికొట్టేది భద్రత దగ్గర. ప్రాణానికో ఆరోగ్యానికో ప్రమాదం ముంచుకొస్తోందన్న సహేతుకమైన భయంతో పని ఆపితే అది సమ్మె కిందికే రాదు. సురక్షితమైన వేరే పని చూపినా అకారణంగా కాదంటేనే వస్తుంది. కాబట్టి ఏం పని చూపారు, ఎన్నింటికి చూపారు, ఎవరు కాదన్నారు అన్నది అప్పటికప్పుడే సైట్ డైరీలో ఎక్కాలి. మర్నాడు గుర్తు తెచ్చుకుని రాసింది అంతగా నిలబడదు.

ఇక పదును సంగతి. ఈ ఆర్డర్ తనంతట తాను జరిమానా వేయదు. ధిక్కరిస్తే మళ్లీ కోర్టుకెక్కాలి. గరిష్ఠ జరిమానా ఒక్కో ఉల్లంఘనకు మనిషికి 60 పెనాల్టీ యూనిట్లు (జరిమానాలు లెక్కగట్టే కొలమానం), యూనియన్‌కు 300. 2024 నవంబర్ 7 నుంచి యూనిట్ 330 డాలర్లు, అంటే మనిషికి 19,800, యూనియన్‌కు 99,000 డాలర్లు. నిర్మాణరంగానికి ప్రత్యేకంగా చేసిన 2016 చట్టంలో ఇవి 200, 1,000 యూనిట్లుగా ఉండేవి. దాన్ని అమలుచేసిన నిర్మాణరంగ నిఘా సంస్థ ఏబీసీసీని 2023 ఫిబ్రవరిలో ఎత్తేశారు. అసలు దెబ్బ తగిలేది కోర్టు ఉత్తర్వును ధిక్కరించినప్పుడు: మెల్‌బోర్న్‌లో 2012లో నిర్మాణ సంస్థ గ్రోకాన్ సైట్ల దిగ్బంధానికి విక్టోరియా సుప్రీంకోర్టు 2014లో నిర్మాణ కార్మికుల యూనియన్ సీఎఫ్‌ఎంఈయూకు 12.5 లక్షల డాలర్లు వేసింది.

ఒప్పందం గడువు కూడా చూసుకోవాలి. ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్ (కంపెనీకీ కార్మికులకూ మధ్య జీతాలు, షరతుల ఒప్పందం) గడువు తీరకముందు చేసే సమ్మెకు 417 కింద నేరుగా జరిమానా ఉంటుంది. గడువు తీరాక ఆ సెక్షన్ పనిచేయదు. అప్పుడు ముందు 418 ఆర్డర్, అది మీరితే 421 సెక్షన్ కింద జరిమానా. ఈ తేడా తెలియక తప్పు సెక్షన్ పట్టుకుంటే కాలయాపనే.

అన్నిటికన్నా ఎక్కువమంది బోల్తాపడేది జీతాల దగ్గర. రక్షణ లేని సమ్మె అరగంట జరిగినా 474 ప్రకారం ఆ రోజుకు 4 గంటల జీతం ఇవ్వకూడదు. గంటకు 50 డాలర్ల మనిషికి కోత 25 కాదు, 200. ‘పోనీలే, గొడవెందుకు’ అని అరగంటకే కోస్తే తప్పు యజమానిదవుతుంది, జరిమానా కంపెనీకి పడుతుంది. తీసుకున్న కార్మికుడూ 475 కింద దొరుకుతాడు. 4 గంటలు దాటితే ఆగినంతసేపటికీ కోత. బ్యాలట్ పెట్టి, నోటీసిచ్చి చేసిన రక్షిత సమ్మెలో ఈ 4 గంటల లెక్క లేదు, ఆపినంతసేపే పోతుంది. ఇది పేరోల్ చూసేవాళ్లకు సమ్మె రోజున కాదు, ముందే చెప్పి ఉంచాలి.