పెద్ద జిల్లానా, చిన్న జిల్లానా: మా సరిహద్దు ఊళ్లకి ఏది మేలు?

నేనుండేది బెంగళూరులో, యలహంక. పుట్టిల్లు హిందూపురం పక్కన పల్లె, అత్తగారిది కర్ణాటకలో గౌరీబిదనూరు తాలూకా, రెండిళ్లలోనూ మాట్లాడేది తెలుగే. రెండు వైపులా జిల్లాలు చీలాయి కాబట్టి పండక్కి అందరం కలిస్తే ఏది మేలని వాదన మొదలవుతుంది.

అత్తగారి వైపు వాదించడానికేం లేదు, చిన్న జిల్లానే మేలు. 2007లో కోలారు నుంచి విడదీయకముందు మామయ్య డీసీ (అక్కడ కలెక్టర్‌ని అలా అంటారు) ఆఫీసు పనికి చిక్కబళ్లాపురం దాటి ఇంకా బోలెడు దూరం పోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ చిక్కబళ్లాపురమే జిల్లా కేంద్రం, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.

మా వైపు అంత తేలిక కాదు. పాత అనంతపురం 19,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, ఆంధ్రలో అన్నిటికన్నా పెద్ద జిల్లా. మా నాన్న పొలం పని మీద సోమవారం కలెక్టర్ అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి అనంతపురం పోవాలంటే పాస్‌బుక్కు, అడంగల్ కాపీలు ముందురోజు రాత్రే ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టుకుని తెల్లారకముందే బండెక్కేవాడు, దాదాపు నూటపది కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక మాది శ్రీ సత్యసాయి జిల్లా, కేంద్రం పుట్టపర్తి. దూరం బాగా తగ్గింది, కాదనను. కానీ కేంద్రం తమకే కావాలని హిందూపురం జనం రోడ్డెక్కింది ఊరికే కాదు, మా వైపు బజారు, బస్సులు, రోజువారీ రాకపోకలు అన్నీ అక్కడే. పైగా మెడికల్ కాలేజీ ఆసుపత్రి అంటే మాకు ఇప్పటికీ అనంతపురమే. 2025 మెగా డీఎస్సీ టీచర్ పోస్టులు కూడా పాత 13 జిల్లాల లెక్కనే వేశారు!

అసలు నన్నడిగితే జిల్లా కన్నా దాని కింద ఏముందో చూడాలి. 1985లో ఎన్టీఆర్ తాలూకాలు తీసేసి 1,100కు పైగా మండలాలు పెట్టారు. కర్ణాటకలో తాలూకాని అలాగే ఉంచి, కింద హోబళి (కొన్ని ఊళ్ల గుంపు) స్థాయిలో నాడకచేరి అనే రెవెన్యూ ఆఫీసు పెట్టారు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అక్కడే దొరుకుతాయి. అంతవరకు సరే. కానీ పొలం గొడవొచ్చి తహసీల్దార్‌ని కలవాలంటే మామయ్య తాలూకా ఊరికి పోవాల్సిందే, మా నాన్నకి మండలంలోనే ఉంటాడు. ఇక్కడ మాత్రం మాదే మేలు, మామయ్య కూడా ఒప్పుకున్నారు.

మొత్తానికి నేను చిన్న జిల్లా వైపే, కేంద్రం జనం వచ్చిపోయే ఊళ్లో పెడితే. పుట్టపర్తిని మార్చకపోయినా సరే, నెలకో సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్ హిందూపురంలోనే జరిగేలా చూడాలి.